చెట్టు పీకి చూసే అలవాటు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో చెనక్కాయ వేసిన రైతు కోత రోజు దాకా చేతులు ముడుచుకుని కూర్చోడు. తొంభై రోజులు దాటగానే పొద్దున్నే చేనికి పోతాడు. గట్టు పక్కన కాదు, చేను నడుమకు పోయి అక్కడొకటి ఇక్కడొకటి చెట్టు పీకుతాడు. మట్టి దులిపి, కాయ చిదిపి, తొక్క లోపలి వైపు చూస్తాడు. తెల్లగా ఉంటే ఇంకా లేత. నల్లబడితే ముదిరినట్టు. నాలుగు చెట్లు పీకితే చేను సంగతి తెలిసిపోతుంది. ఆ నాలుగు చెట్లూ పోయాయని ఏ రైతూ బాధపడగా నేను చూడలేదు.

టీఎంవీ-2 రకమైనా కదిరి-6 రకమైనా నూరు, నూటపది రోజుల పంట. మన డిగ్రీ కాలేజీ సెమిస్టరు పదహారు వారాలు, అంటే 112 రోజులు. రెండు పంటల కాలమూ ఇంచుమించు ఒకటే. తేడా అల్లా, రైతు నడుమ నడుమ చూసుకుంటాడు, మనం పేపర్లు దిద్దే క్యాంపులో చూస్తాం. అప్పటికి చేను ఖాళీ. పిల్లలు బస్సెక్కి ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఎక్కడ తడి తక్కువైందో తెలిసినా మనం చేయగలిగిందేమీ ఉండదు.

ఈ రెండు రకాల చూపులకూ 1967లో మైకేల్ స్క్రివెన్ అనే పండితుడు వేరువేరు పేర్లు పెట్టాడు. నడుమ చూసి సరిదిద్దుకునేది నిర్మాణాత్మక మూల్యాంకనం, ఆఖర్న తూకం వేసేది సంగ్రహణాత్మక మూల్యాంకనం. బీఈడీ చదివినవాళ్లకు ఈ మాటలు కంఠతా వచ్చు. డిగ్రీ కాలేజీల్లో పాఠం చెప్పే మనకు బీఈడీ అక్కర్లేదు కాబట్టి చాలామందిమి ఈ మాటలు మొదటిసారి కాలేజీల నాణ్యత చూసే న్యాక్ ఫారాల్లోనే చూశాం. అప్పుడు కూడా అర్థం కోసం చూడలేదు, గడి నింపడం కోసం చూశాం.

నా తప్పు ముందు ఒప్పుకుంటాను. నేను కామర్స్ చెప్పే రోజుల్లో ఇంటర్నల్ మార్కులు వేయడమంటే రిజిస్టరు ముందేసుకుని ఒక రాత్రి కూర్చోవడం. ఇరవైకి పదిహేడు, పద్దెనిమిది, మళ్లీ పదిహేడు. మనవాళ్లే కదా, పల్లెల నుంచి వచ్చే పిల్లలు, మార్కు తగ్గిస్తే మనకేం ఒరుగుతుంది అనుకునేవాణ్ణి. దయ అనుకున్నాను దాన్ని. ఆ ఏడాది వై.ఎన్. హొసకోట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయికి నేను పద్దెనిమిది వేశాను. యూనివర్సిటీ పరీక్షలో ఆ పేపరు పోయింది. మార్కుల పట్టీ పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

పేపర్లో ఆమె వదిలేసిన పెద్ద ప్రశ్న తరుగుదల మీద. ప్రశ్నలో ఉన్న కన్నడం మాట సవకళి. కూర్చోబెట్టి, పుస్తకం మూసి, తెలుగులో అడిగాను. "మీ ఇంట్లో మగ్గం ఉంది కదమ్మా. కొన్న రేటుకే పదేళ్ల తర్వాత అమ్ముడుపోతుందా?"

"ఎట్ల పోతుంది సార్? ఏటేటా అరుగుతాది కద. అరిగిందంతా తగ్గించి రాసుకోవల్ల. ల్యాకుంటే లాభం ఎక్కువొచ్చినట్ల కనపడుతుంది, కొత్త మగ్గం కొనేకి దుడ్డుండదు."

పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు తీసుకున్న సంగతిని మూడు ముక్కల్లో చెప్పేసింది. తరుగు ఎందుకు రాయాలో, రాయకపోతే లాభం ఎట్లా ఉబ్బుతుందో, చివరికి దెబ్బ ఎక్కడ తగులుతుందో. సవకళి అంటే ఇదేనమ్మా అన్నాను. ఒక్క క్షణం నా మొహం చూసి, "తరుగా సార్? ముందే చెప్పింటే రాసిందును కద" అంది.

అంటే ఆమెకు పాఠం వచ్చు. పరీక్షకు ఆ సంగతి తెలియలేదు. అంతకన్నా ముందు నాకు తెలియలేదు. నేను వేసిన పద్దెనిమిదీ అబద్ధమే, యూనివర్సిటీ వేసిన ఫెయిలూ అబద్ధమే. ఈ రెండు అబద్ధాల నడుమ ఆ పిల్లకు నిజంగా ఏమొచ్చో కనిపెట్టే పని ఎవరూ చేయలేదు. అభ్యసన ఫలితాల మదింపు అని ఈరోజు పెద్ద పేరుతో చెప్పేది ఆ పనినే.

పావగడలో ఈ పని కొంచెం కష్టం, ఎందుకంటే ఇక్కడి పిల్ల మూడు మూటలు మోస్తుంది. జిల్లా తుమకూరే గాని తాలూకాకు మూడు పక్కలా ఆంధ్ర. ఇంట్లో, సంతలో, సినిమాలో తెలుగు. బడిలో, బోర్డు మీద, తాలూకా కచేరీలో కన్నడం. డిగ్రీకొచ్చేసరికి సగం పుస్తకాలు ఇంగ్లీషు. ఒక్కో మూటలో కొన్ని సంగతులుంటాయి. పరీక్ష ఒక్క మూట మాత్రమే విప్పి చూసి మిగతా రెండూ ఖాళీ అని రాసుకుంటుంది. మడకశిర, హిందూపురం వైపు, కోలారు, బళ్లారి జిల్లాల్లో పాఠం చెప్పేవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. తక్కినవాళ్లు తమ క్లాసులో ఇంట్లో ఒక మాట, పుస్తకంలో ఒక మాట ఉన్న పిల్లల్ని తలచుకోండి. ప్రతి క్లాసులోనూ ఉంటారు.

సరే, ఏం చేయాలి? మీ సిలబస్ మొదటి పేజీ తీయండి. కర్ణాటకలో 2021-22లో జాతీయ విద్యావిధానం పేరుతో ఒకసారి, 2024-25లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి తిరిగొచ్చినప్పుడు ఇంకోసారి సిలబస్ మారింది. అభ్యసన ఫలితాల పెట్టె మాత్రం పోలేదు. అందులో 'అవగాహన పెంపొందించుకుంటారు', 'ప్రాముఖ్యతను గ్రహిస్తారు' లాంటి వాక్యాలు కనిపిస్తాయి. ఆ క్రియాపదాల కింద గీత గీయండి. అవగాహన పెంపొందడం మీరెప్పుడైనా కళ్లతో చూశారా? గ్రహించడం ఎట్లా ఉంటుందో బొమ్మ గీయగలరా? చూడలేని పనిని కొలవలేం. చూడగలిగే క్రియ కావాలి. లెక్కగడతాడు, పోలుస్తాడు, తప్పు పట్టుకుంటాడు, కారణం చెప్తాడు, ఎంచుకుంటాడు. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో వేసిన అభ్యసన మెట్లు, ఆయన శిష్యుడూ సహచరులూ 2001లో సవరించినవి, గుర్తుంచుకోవడం నుంచి సృష్టించడం దాకా ఆరు, మీరు చూసే ఉంటారు. ఆ ఆరింటినీ గోడకు అంటించుకోనక్కర్లేదు. చూడగలిగే క్రియ పెట్టండి, చాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'దీర్ఘకాలిక ఒప్పందాల గురించి అవగాహన' అని ఉందనుకోండి. దాన్ని కొట్టేసి ఇట్లా రాయండి: 'భూమి గుత్త కాగితం చేతికిస్తే పదో ఏడాది ఎంత వస్తుందో లెక్కగట్టి, ఆ డబ్బు విలువ పెరిగిందో తగ్గిందో చెప్పగలరు.' పావగడలో ఈ కాగితం ఊహించుకునే పని లేదు. తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, బలసముద్ర ఊళ్ల భూముల మీద దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2018 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది, 2019 ఆఖరుకి మొత్తం సామర్థ్యం అందింది. ఆ భూమిని కొనలేదు, రైతుల దగ్గర గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మీ క్లాసులో కొందరి ఇళ్లకు ఆ డబ్బే వస్తుంది. కొందరి ఇళ్లలో సెంటు భూమి కూడా లేదు కాబట్టి రాదు, పైగా ఆ చేలల్లో దొరికే కూలి కూడా పోయింది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని అడగండి.

పదో ఏడాది ఎకరాకు ఎంత? పెంపు ప్రతిసారీ అప్పటి గుత్త మీదే అనుకుందాం. మూడో ఏడు, ఐదో ఏడు, ఏడో ఏడు, తొమ్మిదో ఏడు, మొత్తం నాలుగు పెంపులు. జవాబు 25,526 రూపాయలు.

ఇప్పుడు తప్పు జవాబులు చూడండి. నాకు సరైన జవాబు కన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయి. 25,200 అని రాసినవాడు ప్రతిసారీ మొదటి 21,000 మీదే 5 శాతం వేశాడు. వాడికి బారు వడ్డీ వచ్చు, చక్రవడ్డీ పట్టుబడలేదు. 26,802 అని రాసినవాడికి చక్రవడ్డీ భేషుగ్గా వచ్చు, కాని పదిని రెండుతో భాగించి ఐదు పెంపులనుకున్నాడు. మొదటి రెండేళ్లు పెంపు లేదని గమనించలేదు. 32,578 అని రాసినవాడు 'రెండేళ్లకోసారి' అనే మాట వదిలేసి ఏటా పెంచుకుంటూ పోయాడు. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, ఒప్పందం చదవడం రాలేదు. బయట బతుకులో ఇదే అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ముగ్గురికీ సున్నా వేసి పక్కన పెడితే ముగ్గురూ ఒకటే. జవాబు చూసి ఏ మెట్టు దగ్గర జారారో రాసుకుంటే, మర్నాడు ముగ్గురికీ మూడు వేరు మాటలు చెప్పొచ్చు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు.

ఆ మూడో తప్పులో ఇంకో పాఠం దాగుంది. బజారులో రేట్లు ఏటా 5 శాతం పెరిగితే, మొదటి ఏడాది 21,000కు వచ్చే సరుకు పదో ఏడాది 32,578 అవుతుంది. చేతికొచ్చేది 25,526. అంటే పాత రూపాయల్లో సుమారు 16,450. అంకె పెరిగింది, బరువు తగ్గింది. ఈ వాక్యాన్ని పిల్ల తన నోటితో చెప్పగలిగితే ఆ యూనిట్ వచ్చినట్టే. దాన్ని కన్నడంలో హణదుబ్బర అని రాసిందా, ఇన్‌ఫ్లేషన్ అందా అన్నది తర్వాతి సంగతి. అన్నట్టు, హణదుబ్బరకు ద్రవ్యోల్బణం అని తెలుగు చెప్పకండి. పెనం మీంచి పొయ్యిలో పడేసినట్టవుతుంది. 'రేట్లు పెరిగేది' అనండి.

తెలుగులో చెప్పిస్తే కన్నడం పాడవుతుందనీ, చివరికి పరీక్ష రాయాల్సింది కన్నడంలోనో ఇంగ్లీషులోనో కదా అనీ కొందరు మాస్టర్లు అంటారు. నేను ఒప్పుకోను. పరీక్ష భాష నేర్పొద్దని నా మాట కాదు. సంగతి రాలేదా, మాట రాలేదా అన్నది విడదీసి చూడమంటున్నాను. సంగతి రాని పిల్లకు పాఠం మళ్లీ చెప్పాలి. మాట రాని పిల్లకు పాఠం మళ్లీ చెప్తే విసుగే. ఆమెకు బోర్డు మీద రెండు వరసలు చాలు: సవకళి - తరుగు, బండవాళ - పెట్టుబడి, సాల - అప్పు, గుత్తిగె - గుత్త. హొసకోట అమ్మాయి తర్వాత నా ప్రతి యూనిట్ ఈ పట్టీతోనే మొదలయ్యేది. మార్కుల్లోనూ విడదీయొచ్చు. పది మార్కుల ప్రశ్నలో ఆరు లెక్కకు, రెండు కారణానికి, రెండే రెండు రాతకు అని ముందే చెప్పేయండి. ఇదే రూబ్రిక్ అంటే. పేరు పెద్దది, పని చిన్నది. ముందే చెప్పడం ముఖ్యం. దిద్దేటప్పుడు మన మనసులో పుట్టే రూబ్రిక్కు సాధారణంగా అక్షరాలు గుండ్రంగా ఉన్నవాళ్ల వైపే మొగ్గుతుంది.

ఇక మార్కుల రిజిస్టరు. మనందరం దాన్ని అడ్డంగా చదువుతాం. ఒక పేరు, దాని ఎదురుగా మార్కులు, చివర మొత్తం. నిలువుగా చదవడం అలవాటు చేసుకోండి. నలభై రెండు మంది క్లాసు అనుకుందాం. నిర్వచనం అడిగిన మొదటి ప్రశ్న 39 మందికి వచ్చింది, లెక్క 27 మందికి, ఏ ఒప్పందం మేలో ఎంచుకోమన్న మూడోది 8 మందికి. అడ్డంగా చూస్తే క్లాసు పాసు, అందరూ సంతోషం. నిలువుగా చూస్తే మూడో వరస ఎండిపోయింది. అది పిల్లల తప్పు కాదు. ముప్పై నాలుగు మందికి ఒకే ప్రశ్న రాలేదంటే నేను ఆ పని క్లాసులో ఒక్కసారీ చేయించలేదని అర్థం. జాన్ బిగ్స్ అనే ఆయన 1996లో రాసిన వ్యాసంలో నొక్కి చెప్పింది ఇదే. ఫలితంగా ఏ క్రియ రాశామో, క్లాసులో ఆ క్రియే చేయించాలి, పరీక్షలో దాన్నే అడగాలి. మనం ఎంచుకోవడం నేర్పుతామని సిలబస్‌లో రాసి, క్లాసులో నోట్సు చెప్పి, పరీక్షలో నిర్వచనం అడుగుతాం. రాగులు చల్లి చెనక్కాయలకు గోనెసంచులు తెచ్చుకున్నట్టు.

పరీక్ష దాకా ఆగకుండా చెట్టు పీకడానికి సులువైన మార్గం చీటీ. అమెరికాలో బర్కిలీలో భౌతికశాస్త్రం చెప్పిన చార్లెస్ ష్వార్ట్జ్ దీన్ని వాడాడు, ప్యాట్రీషియా క్రాస్, థామస్ ఏంజెలో తమ పుస్తకంతో దేశదేశాలకు పంచారు. క్లాసు ఆఖరి మూడు నిమిషాల్లో పావు కాగితం మీద రెండు ముక్కలు రాయమనాలి. ఈరోజు ముఖ్యంగా ఏం తెలిసింది, ఏది ఇంకా మసకగా ఉంది. హార్వర్డ్‌లో గణాంకశాస్త్రం చెప్పిన ఫ్రెడరిక్ మోస్టెలర్ కూడా ఆ రెండో ప్రశ్న అడిగేవాడు. లక్షల జీతాల ప్రొఫెసర్లకే మూడు నిమిషాల చీటీ అవసరమైతే మనకెందుకు నామోషీ? 'అర్థమైందా?' అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు మన ఊళ్లో ఒకటే జవాబు, 'అయింది సార్.' అది జవాబు కాదు, మర్యాద.

చీటీలకు మార్కులు వేయొద్దు. వేశారంటే మసక సంగతి ఎవరూ రాయరు, పక్కవాడి చీటీ చూసి రాస్తారు. ఎనభై మంది ఉంటే ఎనభై చీటీలూ చదవక్కర్లేదు, కలిపి పది తీయండి. ముందు బెంచీల పది కాదు. అవి గట్టు పక్క చెట్లు, ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. మధ్యాహ్నం మూడింటి బస్సు అందుకోవాలని ఆఖరి పీరియడు ఎగ్గొట్టే పిల్లల చీటీలు నెలలో ఒకసారైనా మీ చేతికి రావాలి. ప్రతి క్లాసులోనూ చేయకండి, నెలకు రెండు మూడుసార్లు చాలు. రోజూ చెట్లు పీకితే చేనే మిగలదు.

న్యాక్ సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగిస్తే మీరు ఊరుకోరు. 1994లో పుట్టిన ఆ సంస్థ కచేరీ మన బెంగళూరులోనే. ఇంజనీరింగు కాలేజీల్లో ఫలితాల భాష 2014లో భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యురాలయ్యాక గట్టిపడింది. డిగ్రీ కాలేజీలకు అది న్యాక్ రెండో ప్రమాణంలోని ఒక గడిగా వచ్చింది. కోర్సు ఫలితాలు, ప్రోగ్రాం ఫలితాలు, వాటి నడుమ ఒకటి, రెండు, మూడు అని అంకెల పట్టిక, చివర సాధన శాతం. బృందం వస్తుందనగా ముందు వారం కంప్యూటరు బాగా వచ్చిన కుర్ర లెక్చరరు మీద ఈ పని పడుతుంది. పాపం వాళ్లు పక్క కాలేజీ పట్టిక తెచ్చి పేర్లు మారుస్తారు. ఇట్లా నింపిన పట్టికల్లో నేను సంస్కృతం కోర్సుకు ఇంజనీరింగు ప్రోగ్రాం ఫలితాలు అంటుకుని రావడం చూశాను. ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు.

నిలువుగా చదివిన రిజిస్టరు మీ దగ్గర ఉంటే ఆ పట్టిక ఒక మధ్యాహ్నం పని. మూడో ఫలితం 42కి 8 అని నిజం రాసి, దాని పక్కనే మరుసటి సెమిస్టరులో ఏం మార్చారో, తర్వాత ఎంతమందికి వచ్చిందో ఇంకో గడి పెట్టండి. వచ్చిన బృందం అడిగేది కూడా ఆ రెండో గడి గురించే కావాలి. అడగకపోతే పోనీ, మీకు తెలుసు. తక్కువ అంకె రాస్తే గ్రేడు పోతుందని ప్రిన్సిపాల్ భయపడితే, అన్ని కోర్సులకూ తొంభై శాతం రాసిన పట్టికకు ఏ విలువా లేదని నెమ్మదిగా చెప్పండి. ఈ మాట మొదటిసారి వినరు. రెండోసారి చెప్పండి.

హొసకోట అమ్మాయి సప్లిమెంటరీలో ఆ పేపరు పాసైంది. సవకళి ప్రశ్న మళ్లీ వచ్చిందట, మగ్గం ఉదాహరణే రాసిందట. మార్కులు ఎన్నో నేను అడగలేదు.

మీరు ఈ పుస్తకం మూసి మరిచిపోయే లోపే ఒక పని చేయండి. వచ్చే సోమవారం ఏదో ఒక్క క్లాసులో మూడు నిమిషాల ముందు పాఠం ఆపి చీటీలు అడగండి. పేరు రాయక్కర్లేదనీ, తెలుగులో రాసినా తీసుకుంటామనీ ముందే చెప్పండి.